అంగస్తంభన లోపం, గుండె, కిడ్నీలు: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఇది పూర్తిగా మానసిక సమస్య.

వాస్తవం: సమస్య హఠాత్తుగా మొదలై, తెల్లవారుజామున కలిగే స్తంభనలు మాత్రం మామూలుగానే ఉంటే వైద్యులుగా మేమూ ముందు ఆందోళననో, కుంగుబాటునో అనుమానిస్తాం. 40 ఏళ్లు దాటిన వ్యక్తిలో ఇది నెలల తరబడి క్రమంగా ముదురుతుంటే మాత్రం చూడవలసింది రక్తనాళాలను. అంగానికి రక్తాన్ని చేర్చే ధమనుల వ్యాసం సుమారు 1 నుంచి 2 మిల్లీమీటర్లు కాగా, గుండె ధమనులది 3 నుంచి 4 మిల్లీమీటర్లు. అధిక రక్తపోటు, మధుమేహం, కొలెస్టరాల్, పొగతాగడం వల్ల రక్తనాళాల లోపలి పొర దెబ్బతిని, వాటిని సడలించే నైట్రిక్ ఆక్సైడ్ తగ్గినప్పుడు, ఆ నష్టం ఒంట్లో అంతటా ఉన్నా సన్నని నాళాల్లోనే ముందుగా బయటపడుతుంది. గుండె జబ్బు లక్షణాలకు రెండు మొదలు ఐదేళ్ల ముందే చాలామందిలో ఈ లోపం కనిపించడానికి ప్రధాన కారణం ఇదే. కనుక మాత్ర రాయించుకోవడానికి వచ్చినవారికి బీపీ, హెచ్‌బీఏ1సీ (సుమారు మూడు నెలల సగటు చక్కెర), లిపిడ్ ప్రొఫైల్ (రక్తంలో కొవ్వులు), ఉదయం వేళ టెస్టోస్టిరాన్ (పురుష హార్మోన్) పరీక్షలు చేయించమంటే అది కాలయాపన కాదు.

అపోహ: కిడ్నీలకూ దీనికీ సంబంధం లేదు.

వాస్తవం: డయాలసిస్‌పై ఉన్న పురుషుల్లో సగానికి పైగా ఈ ఇబ్బంది ఉంటుంది. రక్తహీనత, టెస్టోస్టిరాన్ తగ్గడం, ప్రొలాక్టిన్ అనే హార్మోన్ పెరగడం, నరాలు దెబ్బతినడం అన్నీ ఇందులో పాలుపంచుకుంటాయి. రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు వడకట్టే వ్యర్థం) ఒక్కటే చూసి కిడ్నీలు బాగున్నాయనుకోకూడదు. పనితీరు గణనీయంగా తగ్గేదాకా అది మామూలుగానే ఉండవచ్చు కాబట్టి మూత్రంలో ఆల్బుమిన్ (ఒక ప్రొటీన్) పరీక్ష కూడా అవసరం.

అపోహ: బీపీ మందులే కారణం, మానేస్తే సరిపోతుంది.

వాస్తవం: బీపీకి వాడే కొన్ని బీటా బ్లాకర్లు (గుండె వేగాన్ని తగ్గించేవి), థయాజైడ్ల (మూత్రం ఎక్కువగా పోయేలా చేసేవి) వల్ల ఇలా జరగవచ్చు. మందు మార్చే వీలుంటుంది. సొంతంగా మానేస్తే పక్షవాతం ముప్పు పెరుగుతుంది.

అపోహ: స్తంభన కోసం ఇచ్చే సిల్డెనాఫిల్ మాత్ర వేసుకుంటే గుండెపోటు వస్తుంది.

వాస్తవం: మొదట గుండెనొప్పి కోసమే పరీక్షించిన ఈ మందు, గుండె పరిస్థితి నిలకడగా ఉండి, రెండు అంతస్తుల మెట్లు ఆయాసం లేకుండా ఎక్కగలిగేవారిలో చాలామందికి వైద్య సలహాతో సురక్షితమే. అసలు ప్రమాదం, గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రేట్ మాత్రలతో దీన్ని కలపడంలో ఉంది. రక్తపోటు ప్రాణాపాయ స్థాయికి పడిపోతుంది. సిల్డెనాఫిల్ తరువాత 24 గంటలు, అదే తరహా మందైన టడలాఫిల్ తరువాత 48 గంటలు నైట్రేట్లు వాడకూడదు. ఛాతీనొప్పితో అత్యవసర విభాగానికి వెళ్లినవారు మొహమాటపడి ఈ మాత్ర సంగతి దాచడం తరచూ జరిగేదే; అడగకముందే, ఎప్పుడు వేసుకున్నారో కూడా చెప్పాలి.