గుడ్డు పొడుచుకు తినే పెట్ట: అపోహలు - వాస్తవాలు

పెట్ట అరుపు విని గూటి దగ్గరికి వెళితే గుడ్డు ఉండదు. గడ్డి తడిసి అట్టకట్టి ఉంటుంది, వేలు పెడితే సొన జిగురు తగులుతుంది. ఇంట్లో వెంటనే వినిపించే మాటలు రెండు: "కోసేద్దాం", "ముక్కు కాల్చేద్దాం". రెండూ తొందరపాటే. ఈ అలవాటు చాలావరకు పగిలిన గుడ్డుతోనే మొదలవుతుంది. కాబట్టి అసలు ఆ మొదటి గుడ్డు ఎందుకు పగిలిందో ముందు చూడాలి.

అపోహ: గుడ్డు మాయమైతే పెట్టే తినేసింది.

వాస్తవం: పాము గుడ్డును అలాగే మింగేస్తుంది. గడ్డి తడవదు, పెంకు ముక్క కూడా మిగలదు. ఎలుకలు, పందికొక్కులు గుడ్డును గోడవారకు దొర్లించుకుపోతాయి, పెంకులు అక్కడ దొరుకుతాయి. పెట్ట తింటే గూట్లోనే తడి ఉంటుంది, పెంకు కూడా చాలావరకు మిగలదు. దాన్ని పట్టుకుని ముక్కు రంధ్రాల దగ్గర, మెడ కింది ఈకల మీద చూడండి. పచ్చసొన ఎండి పసుపు పొక్కులా అంటుకుని ఉంటుంది. ఇంకో గుర్తు కూడా ఉంది: వేరే పెట్ట గుడ్డు పెడుతుంటే ఇది గూటి చుట్టూనే తిరుగుతూ, అది లేవగానే లోపలికి దూరుతుంది. అయినా తేలకపోతే అనుమానం ఉన్నవాటిని రోజుకొకదాన్ని నీళ్లు, మేత పెట్టి విడిగా పెద్ద గంప కింద ఉంచండి. ఏ రోజు గూట్లో గుడ్లు భద్రంగా ఉన్నాయో, ఆ రోజు గంప కింద ఉన్నదే తినే పెట్ట.

అపోహ: వడ్లు, నూకలు కడుపునిండా తింటోంది కదా, లోపమేముంటుంది?

వాస్తవం: అసలు కిటుకంతా ఇక్కడే ఉంది. ఒక గుడ్డు పెంకులో సుమారు 2 గ్రాముల కాల్షియం ఉంటుంది. వడ్లు, నూకలు, జొన్నలు, మొక్కజొన్నలో కాల్షియం లేనట్టే లెక్క. నాటుపెట్ట ఏడాదికి 50-60 గుడ్లు పెట్టి మధ్యలో పొదుగుతూ విశ్రాంతి తీసుకుంటుంది కాబట్టి, పురుగులు, ఆకులు ఏరుకుతిని ఎలాగో నెట్టుకొస్తుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ రూపొందించిన గ్రామప్రియ అనే పెరటికోడి రకం దానికి సుమారు మూడింతలు పెడుతుంది. అదే పెరడు, అవే నూకలు అయితే పెంకు పలచబడక ఏం చేస్తుంది? చీకట్లో గుడ్డు వెనక టార్చి వేసి చూడండి. పెంకు మీద మచ్చలు మచ్చలుగా వెలుగు కనిపిస్తే పలచబడిందనే అనుమానించాలి. బొటనవేలితో మెల్లగా నొక్కితేనే చిట్లితే ఇక సందేహమే లేదు.

పెంకు కట్టడానికి సుమారు 20 గంటలు పడుతుంది, అందులో ఎక్కువ భాగం రాత్రిపూటే. అందుకే ఆల్చిప్పలు గానీ నత్తగుల్లలు గానీ 2-4 మిల్లీమీటర్ల పలుకులుగా దంచి, సాయంత్రం పెట్టకు ఒక టీచెంచా, అంటే 5 గ్రాముల చొప్పున విడిగా మూకుడులో పెట్టండి. మెత్తటి పొడి త్వరగా కడుపు దాటిపోతుంది. పలుకు కందనకాయలో నిలిచి రాత్రంతా కొద్దికొద్దిగా కరుగుతుంది. అందరూ తినే మేతలో కలపవద్దు, ఎదిగే కోడిపిల్లల మూత్రపిండాలను ఎక్కువ కాల్షియం దెబ్బతీస్తుంది. తడిసున్నం అసలే వద్దు, నోరు, పేగులు కాలుతాయి. మాంసకృత్తుల కోసం వేరుశనగ చెక్క, ఉప్పు లేని ఎండుచేపల పొడి కొద్దిగా కలపవచ్చు. చెక్కకు బూజు వాసన ఉంటే పారేయండి.

వేసవిలో నోరు తెరిచి రొప్పే పెట్టకు ఎంత పెట్టినా పెంకు పలచబడుతుంది. నీడ, చల్లని నీళ్లు ఉండాలి. గుంపు మొత్తానికి ఒక్కసారిగా గుడ్లు తగ్గి, పెంకులు వంకరపోయి, తుమ్ములు, గురక కూడా ఉంటే అది మేత లోపం కాదు, జబ్బు. పశువైద్యుడికి చూపించాలి.

అపోహ: గుడ్డు పెంకులు పెడితే గుడ్లు తినడం మనమే నేర్పినట్టు.

వాస్తవం: తెల్లసొన అంటిన సగం పెంకులను అలాగే విసిరితే ప్రమాదమే. కడిగి, పెనం మీద వేయించి, గుడ్డు ఆనవాలు లేకుండా నలిపితే మంచి కాల్షియమే.

అపోహ: గుడ్డులో కారం కూరి పెడితే బుద్ధి వస్తుంది.

వాస్తవం: రాదు. మిరపలో మన నోరు మండించే పదార్థం పక్షుల నాలుకకు తెలియదు. మిరపతోటలో పక్షులు పండు మిరపకాయలు హాయిగా తినేది అందుకే. ఎంత ఘాటైన గుంటూరు కారమైనా పెట్టకు సొనలో కలిసిన మేతే. దానికి బదులు గుడ్డు సైజు చెక్కగుడ్డు గానీ నున్నటి తెల్లరాయి గానీ గూటికి రెండు చొప్పున పెట్టండి. పొడిచి పొడిచి ఏమీ దక్కకపోతే కొత్తగా మొదలుపెట్టిన పెట్ట చాలావరకు రెండు వారాల్లో విసిగి వదిలేస్తుంది. ఆ రెండు వారాలూ నిజం గుడ్డు గూట్లో నిలవకూడదు. ఎక్కువ పెట్టలు పొద్దున్నే గుడ్డు పెడతాయి కాబట్టి 11 గంటల లోపు రెండుసార్లు, మధ్యాహ్నం ఒకసారి ఏరాలి. ఈ ఒక్కచోట బద్ధకిస్తే మిగతా పనంతా వృథా.

అపోహ: ముక్కు కాల్చితే సరి.

వాస్తవం: ముక్కులో నరాలుంటాయి, అది భరించలేని నొప్పి. ఆ తర్వాత పురుగు పట్టలేదు, గింజ ఏరుకోలేదు. పలచటి పెంకును కాలిగోటితో కూడా పగలగొడుతుంది, అప్పుడేం కాలుస్తారు?

అపోహ: గూడు ఎలా ఉన్నా ఒకటే.

వాస్తవం: నాలుగైదు పెట్టలకు ఒక గూడు ఉండాలి. 30 సెంటీమీటర్ల పొడవు, అంతే వెడల్పు, 35 ఎత్తు. అడుగున వరిగడ్డి గానీ ఊక గానీ 8-10 సెంటీమీటర్ల మందాన వేయాలి. అది పలచనైతే గుడ్డు నేలకు తగిలి నెర్రె విడుస్తుంది, ఎక్కువమంది ఒకే గూట్లో తొక్కులాడినా అంతే. వాకిలికి గోనెపట్టా వేలాడదీస్తే లోపల చీకటిగా ఉండి, గుడ్డు కంటపడదు. సొన పడిన గడ్డిని ఆ పూటే మార్చాలి.

అపోహ: రుచి మరిగిన పెట్టకు కోతే మందు.

వాస్తవం: ఇన్నీ చేశాక చాలా పెట్టలు మానేస్తాయి. గట్టి పెంకును కూడా నెలల తరబడి పొడుస్తున్నది మాత్రం అంత సులువుగా మానదు. మిగతావి దాన్ని చూసి నేర్చుకుంటాయి కాబట్టి వెంటనే వేరు చేయండి. దాని గూట్లో గడ్డి తీసి, అడుగు పలక పైన రబ్బరు పట్టా పరిచి, వెనకవైపు 4 సెంటీమీటర్లు దిగేలా వాలు ఇవ్వండి. గుడ్డు వెనకనున్న 6 సెంటీమీటర్ల సందులోంచి మూతపెట్టెలోకి దొర్లిపోవాలి. పెట్టె చివర గోనె మడతపెట్టి ఉంచండి, లేకపోతే గోడకు తగిలి పగులుతుంది. కట్టాక చెక్కగుడ్డు వేసి చూడండి, మధ్యలో ఆగితే వాలు మరో సెంటీమీటరు పెంచండి. ఇంత శ్రమ పడే తీరిక లేనివాళ్లు ఆ ఒక్కదాన్ని తీసేయడమే మేలు.