మగ్గులో కలిపిన షాంపూ

మొన్న కరీంనగర్ నుంచి మా అక్క ఫోన్ చేసింది. "ఏరా, కొత్త షాంపూ తెచ్చుకున్నా. రంగు వేసుకున్న పొడి జుట్టుకు తేమనిస్తుందని రాశారు. పెట్టిన రెండు నిమిషాలకే నీళ్లు పోసి కడిగేస్తాం కదా, ఇక తేమ ఎక్కడ మిగులుతుందిరా?" అని అడిగింది. ఏళ్లుగా ఇంటర్ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతున్నాను, ఇంత సూటి ప్రశ్న క్లాసులో ఎవరూ వేయలేదు. జిడ్డును పట్టుకుపోవడానికే తయారైన సరుకు, పోతూ పోతూ జుట్టు మీద ఏదైనా వదిలి వెళ్లడం ఎలా సాధ్యం?

అసలు "తేమ" అన్న మాటే తప్పుదారి పట్టిస్తుంది. రంగు వేసి వేసి దెబ్బతిన్న జుట్టును తడిపితే మామూలు జుట్టు కంటే ఎక్కువ నీళ్లే పీలుస్తుంది. వేలికి తగిలే ఆ గరుకు నీటి కరువు వల్ల వచ్చింది కాదు, పైపూత ఊడిపోవడం వల్ల వచ్చింది.

వెంట్రుక మీద పెంకుటింటి పెంకుల్లా ఒకదాని మీద ఒకటి పొలుసులుంటాయి. ఒక్కో పొలుసు మందం మిల్లీమీటరులో రెండు వేలో వంతు. అన్నిటికంటే పై పొలుసు మీద పుట్టుకతోనే ఒక కొవ్వు పొర ఉంటుంది. దాని పేరు 18-మిథైల్ ఐకోసనోయిక్ ఆమ్లం. 21 కార్బన్లున్న ఈ అణువు ఒక చివర గంధకం ద్వారా, అంటే థయోఎస్టర్ బంధంతో, ప్రోటీన్‌కు అతుక్కుని, రెండో చివర గాల్లోకి నిలబడి ఉంటుంది. చిన్నపిల్లల జుట్టు మీద దువ్వెన జారిపోవడం దీని చలవే. పర్మనెంట్ రంగులో అమ్మోనియా, హైడ్రోజన్ పెరాక్సైడ్ కలుస్తాయి. ఆ క్షార ద్రావణంలో పెరాక్సైడ్ నుంచి పుట్టే పెర్హైడ్రాక్సిల్ అయాన్ సరిగ్గా ఆ థయోఎస్టర్ బంధాన్నే తెంచుతుంది. పొర కొట్టుకుపోతుంది. వెంట్రుక జీవం లేనిది కాబట్టి పోయింది మళ్లీ పుట్టదు. అంతటితో ఆగదు. ప్రోటీన్‌లో గంధకమున్న సిస్టీన్ అనే భాగం ఆక్సీకరణం చెంది సిస్టీక్ ఆమ్లంగా మారుతుంది. ఇందులో రుణావేశం, అంటే మైనస్ గుర్తు, మోసే సల్ఫోనేట్ గుంపు ఉంటుంది. అంటే నూనె పూసినట్టుండే చోటు కాస్తా నీటిని ఇష్టపడే, మైనస్ గుర్తులు నిండిన చోటుగా మారిపోయింది.

ఈ మైనస్ గుర్తుల్నే షాంపూ వాడుకుంటుంది. అక్కను డబ్బా వెనక సన్నక్షరాలు చదవమన్నాను. కూడబలుక్కుంటూ చదివింది: "గువార్ హైడ్రాక్సీప్రొపైల్ ట్రైమోనియం క్లోరైడ్." గువార్ అంటే ఏంటో తెలుసా అక్కా, గోకరకాయ! ఆంధ్రా వైపు గోరుచిక్కుడు అంటారే, అదే. ప్రపంచంలో పండే గువార్ గింజల్లో ఎక్కువ భాగం మన దేశానివే, అందులోనూ ముఖ్యంగా రాజస్థాన్‌వి. గింజలోని జిగురు మానోజ్, గెలాక్టోజ్ చక్కెరల పొడవాటి గొలుసు. ఆ గొలుసుకు అక్కడక్కడా ధనావేశమున్న నత్రజని గుంపులు తగిలిస్తారు. ప్లస్ గుర్తున్న గోకరకాయ జిగురు, మైనస్ గుర్తున్న వెంట్రుక. రెండూ అతుక్కుంటాయని ఎవరైనా చెప్పగలరు.

కానీ చిక్కు ఇక్కడే ఉంది. షాంపూలో నురగనిచ్చే లారెత్ సల్ఫేట్ కూడా మైనస్సే, పైగా అది జిగురు కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. జిగురును ముందు అదే కమ్మేస్తుంది. పండగకు ఊళ్లకెళ్లే ఆర్టీసీ బస్సును గుర్తు తెచ్చుకోండి. సీట్లన్నీ నిండి, ఫుట్‌బోర్డు మీద కూడా జనం వేలాడుతుంటారు. ఆ బస్సు మన స్టాపులో ఆగదు. సీసాలో ఉన్న జిగురు పరిస్థితి అదే. సీట్లంటే దాని ప్లస్ చోట్లు, ప్రయాణికులంటే సల్ఫేట్ అణువులు. వేలాడేవాళ్ల వల్ల బస్సు మొత్తం మీద మైనస్ అయింది. మైనస్ వెంట్రుక దాన్ని దగ్గరికి రానివ్వదు.

ఇప్పుడు నీళ్లు పోస్తాం. సల్ఫేట్ పలచబడుతుంది. ముందు వేలాడేవాళ్లు దిగిపోతారు. ప్లస్సూ మైనస్సూ సరిసమానమయ్యే ఘడియ ఒకటి వస్తుంది. ఆవేశం లేని ఆ జిగురు ముద్ద ఇక నీళ్లలో కరిగి ఉండలేదు. సన్నని బిందువులుగా విడిపోయి వెంట్రుక మీద వాలుతుంది. షాంపూలో సిలికోన్ నూనె ఉంటే దాన్నీ వెంటబెట్టుకొస్తుంది. బస్సు పోలిక ఇంతవరకే పనికొస్తుంది, ఎందుకంటే ఖాళీ అయిన బస్సులు ఒకదానికొకటి అతుక్కోవు, ఈ బిందువులు అతుక్కుంటాయి. దెబ్బ ఎక్కువ తిన్న కొసల దగ్గర మైనస్ చోట్లు ఎక్కువ, అందుకే అక్కడే ఎక్కువగా చేరతాయి. కడిగేయడం వల్ల పోతుందనుకున్నది, కడగడం వల్లే అంటుకుంటోందన్నమాట!

దీన్ని కళ్లతో చూడొచ్చు. గాజు గ్లాసులో ఈ రకం పారదర్శకమైన షాంపూ ఒక చెంచా పోసి, చెంచా చెంచాగా నీళ్లు కలుపుతూ పోయాను. ఆరో చెంచా దాకా ఏమీ లేదు. ఎనిమిదో దానికి డెట్టాల్ పడ్డ నీళ్లలా మబ్బు కమ్మింది. గ్లాసు నిండే సరికి ఆ మబ్బు పలచబడింది.

ఆ మబ్బుకు కోయసర్వేట్ అని పేరు. 1929లో డచ్ రసాయన శాస్త్రజ్ఞుడు బుంగెన్‌బెర్గ్ డి యోంగ్ పెట్టాడు. మన పిల్లలకు ఈ మాట జీవం పుట్టుక పాఠంలో, రష్యన్ శాస్త్రజ్ఞుడు ఒపారిన్ పేరు పక్కన వస్తుంది. రెండు మార్కుల కోసం బట్టీ కొడతారు. ఆదివారం తలంటు పూట తమ నెత్తి మీదే అది తయారవుతోందని ఒక్కరికీ చెప్పం. నేనూ ఇన్నేళ్లు చెప్పలేదు, దానికి బాధగానే ఉంది.

అక్కను ఇంకో మాట అడిగాను: షాంపూ ఎలా పెట్టుకుంటావు? "ఎట్లా అంటే ఏందిరా, మగ్గు నీళ్లల్ల కలిపి పోసుకుంటా." కుంకుడు రసం చెంబుతో పోసుకున్న ఇళ్లలో ఈ అలవాటు సహజంగానే వచ్చింది. కుంకుడుకు అది సరైన పద్ధతే. ఈ షాంపూకు కాదు. ఆ మబ్బు నెత్తి మీద కాకుండా మగ్గులోనే కమ్మి, చాలావరకు బాత్రూం గచ్చు మీదుగా పోతుంది. తడిసిన జుట్టుకు షాంపూ నేరుగా పట్టించి, ఆ తర్వాతే నీళ్లు పోసుకోమన్నాను.

నాలుగు ఆదివారాలయ్యాక మళ్లీ ఫోన్ చేసింది. కొసల్లో చిక్కులు తగ్గాయట. మాడు దగ్గర మాత్రం జుట్టు అణిగిపోయినట్టుందట. షాంపూను కొసలకే ఎక్కువగా పట్టించమన్నాను. తర్వాత ఒక్క వెంట్రుకను రెండు వేళ్ల మధ్య పట్టుకుని కుదురు నుంచి కిందికి జారనివ్వమన్నాను. రంగు వేసి రెండు నెలలైంది కాబట్టి రెండు సెంటీమీటర్ల తెలుపు బయటపడి ఉంది. కాసేపు ఫోన్లో చప్పుడు లేదు.

"తెలుపు అయిపోయిన కాడ వేలు ఆగుతుందిరా" అంది. ఆ రెండు సెంటీమీటర్ల మీద పుట్టుకతో వచ్చిన పొర ఇంకా ఉంది. ఈసారి రంగు అంత వరకే వేస్తుందట, కిందికి దువ్వదట.