పన్నెండు ఫార్ములాలు అక్కర్లేదు: యాక్టివ్, పాసివ్ వాయిస్ గురించి అపోహలు - వాస్తవాలు

పోయిన వారం మళ్లీ అదే ఫోటో నా ఫోన్‌కి వచ్చింది. ఎడమవైపు పన్నెండు టెన్సులు, మధ్యలో యాక్టివ్ ఫార్ములా (పని చేసినవాడు ముందుండే వాక్యానికి), కుడివైపు పాసివ్ ఫార్ములా (పని దేని మీద జరిగిందో అది ముందుకొచ్చే వాక్యానికి). నాలుగు గళ్లలో మాత్రం ఎర్ర ఇంకుతో 'నో పాసివ్' అని ఉంది. పంపినామె పగలు ఉద్యోగం చేస్తూ రాత్రిళ్లు పోటీ పరీక్షకి చదువుకుంటోంది. ఫోటో కింద రెండు ముక్కలు రాసింది: "సార్, దీన్ని బట్టీ పట్టడం ఇది మూడోసారి. పరీక్ష హాల్లో కూర్చోగానే అంతా కలగాపులగం అయిపోతోంది. నాకు గ్రామర్ వంటబట్టదేమో."

ఆ మాట చదివితే కోపం వస్తుంది నాకు. ఆమె మీద కాదు, ఆ టేబుల్ మీద.

అపోహ: పన్నెండు టెన్సులకి పన్నెండు ఫార్ములాలు నోటికి వస్తేనే పాసివ్ వస్తుంది

పాఠాలు చెప్పడం మొదలుపెట్టిన కొత్తలో నేనూ ఆ టేబుల్‌ని మూడు రంగుల చాక్‌పీసులతో బోర్డు నిండా వేసినవాణ్ణే. వేసి, చేతులు దులుపుకుని, "డౌట్లున్నాయా?" అన్నాను. వెనక బెంచీలో ఒక కుర్రాడు లేచాడు. "సార్, 'నోబడీ లైక్స్ బీయింగ్ లాఫ్డ్ ఎట్' అని ఉంది. అదీ పాసివేనట. మీ టేబుల్లో ఏ వరుస?" అని అడిగాడు. వరుసలన్నీ పైనుంచి కిందకి చూశాను. లేదు. "అది ఎక్సెప్షన్‌లే, కూర్చో" అన్నాను. జవాబు తెలియని టీచరుకి ఎక్సెప్షన్ అనే మాట గొడుగులాంటిది, జల్లు పడగానే తెరుస్తాం. కుర్రాడు కూర్చున్నాడు గానీ నమ్మలేదని మొహంలోనే తెలిసింది. ఆ రాత్రి ఆ ఒక్క వాక్యం ముందేసుకుని కూర్చుంటే నాకు అర్థమైంది, నేను పొద్దున బోర్డు మీద వేసింది ఒకే సూత్రానికి పన్నెండు వేషాలని.

సూత్రం ఇది. యాక్టివ్‌లో మెయిన్ వెర్బ్ ఏ చొక్కా వేసుకుని ఉందో చూడండి. ఆ చొక్కా విప్పి 'బీ'కి (ఈజ్, వాజ్, బీన్ అన్నీ దీని రూపాలే) తొడగండి. మెయిన్ వెర్బ్‌కి వీ3 చొక్కా, అంటే రైట్, రోట్, రిటెన్‌లలో మూడో రూపం (పాస్ట్ పార్టిసిపుల్) ఇవ్వండి. అంతే. దానికి ముందున్న హెల్పింగ్ వెర్బుల జోలికి పోవద్దు.

చేసి చూద్దాం. 'షీ రైట్స్ ద రిపోర్ట్'. రైట్స్ ప్రెజెంట్ చొక్కాలో ఉంది. బీకి ప్రెజెంట్ చొక్కా తొడిగితే 'ఈజ్'. రైట్ వీ3 అయితే 'రిటెన్'. ద రిపోర్ట్ ఈజ్ రిటెన్. 'రోట్' అయితే బీకి పాస్ట్ చొక్కా, అంటే 'వాజ్'. వాజ్ రిటెన్.

ఇప్పుడు అందరూ పడిపోయే గుంట దగ్గరికి వద్దాం. 'షీ ఈజ్ రైటింగ్ ద రిపోర్ట్'. ఇక్కడ మెయిన్ వెర్బ్ ఈజ్ కాదు, రైటింగ్. ఈజ్ ఎక్కడిదక్కడే ఉంటుంది. రైటింగ్ వేసుకున్న చొక్కా ఐఎన్‌జీ. దాన్ని బీకి తొడిగితే 'బీయింగ్'. ద రిపోర్ట్ ఈజ్ బీయింగ్ రిటెన్. పేపర్లు దిద్దేటప్పుడు నాకు ఎక్కువగా కనిపించే తప్పు ఈ బీయింగ్‌ని మింగేయడమే. మింగితే పోయేది మార్కు ఒక్కటే కాదు, అర్థం కూడా. 'ద బ్రిడ్జ్ ఈజ్ బీయింగ్ బిల్ట్' అంటే వంతెన ఇంకా కడుతున్నారు. 'ద బ్రిడ్జ్ ఈజ్ బిల్ట్' అంటే కట్టేశారు, బండి ఎక్కించవచ్చు.

(బీయింగ్ మర్చిపోయేవాళ్లకి ఒక ఊరట. ఇంగ్లీషువాళ్లకీ ఇది కొత్త సరుకే. పద్దెనిమిదో శతాబ్దం చివరి దాకా వాళ్లు 'ద హౌస్ ఈజ్ బిల్డింగ్' అనే అనేవారు, ఇల్లు కడుతున్నారు అనే అర్థంలో. 'ఈజ్ బీయింగ్ బిల్ట్' వాడుకలోకి వచ్చినప్పుడు పందొమ్మిదో శతాబ్దపు వ్యాకరణ పండితులు కొందరు ఇదేం భాషని ముక్కు విరిచారు.)

'హ్యాజ్ రిటెన్'లో మెయిన్ వెర్బ్ అప్పటికే వీ3లో ఉంది. బీ వీ3 'బీన్'. హ్యాజ్ బీన్ రిటెన్. 'విల్ రైట్'లో ఒట్టి వెర్బ్ ఉంది కాబట్టి ఒట్టి 'బీ'. విల్ బీ రిటెన్. క్యాన్, మస్ట్, షుడ్ అన్నీ ఇంతే. టేబుల్లో కనపడనివాటికీ ఇదే తాళంచెవి: 'షుడ్ హ్యావ్ ఇన్‌ఫార్మ్‌డ్' పాసివ్‌లో 'షుడ్ హ్యావ్ బీన్ ఇన్‌ఫార్మ్‌డ్' అవుతుంది, 'టు రైట్' 'టు బీ రిటెన్' అవుతుంది. ఆ కుర్రాడి వాక్యం సంగతి? 'పీపుల్ లాఫింగ్ ఎట్ హిమ్'లో లాఫింగ్‌ది ఐఎన్‌జీ చొక్కా. అది బీకి వెళ్లి బీయింగ్ అయింది, లాఫ్ వీ3 అయి లాఫ్డ్ అయింది, 'ఎట్' తోకలా వెంట వచ్చింది. ఎక్సెప్షనూ లేదు, గాడిదగుడ్డూ లేదు. ఆ తోకని కత్తిరించకండి. లుక్ ఆఫ్టర్, లాఫ్ ఎట్ లాంటివి జంటగా వచ్చిన వెర్బులు, జంటగానే పోతాయి.

సూత్రానికి ఒక్కచోట మాత్రం చెయ్యి అడ్డం పెట్టాలి. నెగటివ్‌లలో, ప్రశ్నల్లో వచ్చే డూ, డజ్, డిడ్ దగ్గర. 'షీ డిడ్ నాట్ రైట్ ద రిపోర్ట్'ని యాంత్రికంగా మారిస్తే 'డిడ్ నాట్ బీ రిటెన్' వస్తుంది, అది తప్పు. బీకి డూ సాయం అక్కర్లేదు, తన నాట్ తనే మోసుకుంటుంది. డిడ్‌ని తీసేసి దాని కాలాన్ని బీకి ఇస్తే 'వాజ్ నాట్ రిటెన్'.

ఎర్ర ఇంకు గళ్ల సంగతి కూడా తేలుస్తాను. 'హ్యాజ్ బీన్ రైటింగ్'కి సూత్రం పెడితే 'హ్యాజ్ బీన్ బీయింగ్ రిటెన్' వస్తుంది. వ్యాకరణం దాన్ని ఆపదు. నాలుకే ఒప్పుకోదు. బీన్, బీయింగ్ పక్కపక్కన, లేదా 'విల్ బీ బీయింగ్' అని పలకడం ఇబ్బంది కాబట్టి జనం వాడరు. అందుకే పరీక్షల్లోనూ అడగరు. 'నో పాసివ్' అని రాసుకోవడం కంటే 'ఎవరూ అనరు' అని రాసుకుంటే నిజానికి దగ్గరగా ఉంటుంది.

ఇంకొక్కటి. కాలం పాత వెర్బ్ నుంచి వస్తుంది, ఏకవచనమా బహువచనమా అన్నది కొత్త సబ్జెక్ట్ నుంచి వస్తుంది. 'హీ రైట్స్ లెటర్స్'లో ఒక్కడే రాస్తున్నా, పాసివ్‌లో ముందుకొచ్చినవి లెటర్స్ కాబట్టి 'ఆర్ రిటెన్'. తలుపు దగ్గర ఎవరు నిలబడ్డారో చూసి బీని ఎంచుకోండి, లోపలికి వెళ్లిపోయినవాణ్ణి చూసి కాదు.

ఇదంతా ఆమెకి వాయిస్ మెసేజ్‌లో చెప్పాను, తొమ్మిది నిమిషాలు పట్టింది. అరగంటకి ఇరవై వాక్యాలు మార్చి పంపింది. రెండే తప్పులు. రెండూ డిడ్ దగ్గరే.

అపోహ: వీ3 ఉందంటే పాస్ట్ టెన్స్

'పాస్ట్ పార్టిసిపుల్' అని పేరు పెట్టినవాళ్లని అనాలి. 'విల్ బీ రిటెన్' రేపటి సంగతి, అందులోనూ వీ3 ఉంది. వీ3కి కాలం లేదు. కాలమంతా ముందున్న హెల్పింగ్ వెర్బులు మోస్తాయి.

అపోహ: ప్రతి వాక్యాన్నీ పాసివ్ చేయొచ్చు

ఆబ్జెక్ట్ లేకపోతే ముందుకి తెచ్చేది ఏముంటుంది? గో, స్లీప్, అరైవ్, డై, హాపెన్ వీటికి పాసివ్ లేదు. ఆబ్జెక్ట్ ఉన్నట్టు కనిపించినా రిజెంబుల్, ల్యాక్, సొంతం అనే అర్థంలో హ్యావ్ లాంటివి పాసివ్‌కి లొంగవు.

ఇక్కడ మనవాళ్ల తప్పు ఒకటి ప్రత్యేకంగా చెప్పాలి: 'యాన్ యాక్సిడెంట్ వాజ్ హాపెన్డ్'. పెద్ద చదువులు చదివినవాళ్ల ఈమెయిళ్లలో కూడా చూస్తాను. దీన్ని ఎగతాళి చేసేవాళ్లంటే నాకు చిరాకు, ఎందుకంటే అది తెలివితక్కువతనం కాదు. తెలుగు చెవి చేసిన లెక్క అది. మనకి వెర్బులు జంటలుగా ఉంటాయి: విరిగింది, విరిచాడు. తెగింది, తెంచాడు. జరిగింది, జరిపాడు. 'జరిగింది' అన్నప్పుడు చేసినవాడు కనపడడు. చేసినవాడు కనపడకపోతే పాసివ్ అని బడిలో చెప్పారు. అంతే, వాజ్ వచ్చి కూర్చుంది. కానీ ఇంగ్లీషులో హాపెన్‌కి ఆ జంట రెండోవైపు లేదు. ఎవరూ దేన్నీ 'హాపెన్' చేయలేరు. కాబట్టి ఒట్టి 'హాపెన్డ్' చాలు.

దీనికి తిరగేసిన తప్పు కూడా ఉంది. తెలుగులో 'పుట్టాను' మనమే చేసిన పనిలా ఉంటుంది కాబట్టి 'ఐ బార్న్ ఇన్' అనేస్తాం. ఇంగ్లీషు లెక్కలో కనడం అమ్మ చేసిన పని, అది జరిగింది బిడ్డకి. 'బేర్' అనే వెర్బ్‌కి వీ3 బార్న్. అందుకే 'ఐ వాజ్ బార్న్'. నా మొదటి ఉద్యోగం దరఖాస్తులో 'ఐ బార్న్' అని రాసింది నేనే. ఉద్యోగం రాలేదు. కారణం అదే అని ఎవరూ చెప్పలేదు గానీ, చాలా ఏళ్లు నేను అలాగే అనుకున్నాను.

అపోహ: 'బై' లేకపోతే పాసివ్ పూర్తి కాదు

నిజానికి వాడుకలో ఎక్కువ పాసివ్‌లకి బై ఉండదు. చేసినవాడెవడో తెలియనప్పుడో, చెప్పడం అనవసరమైనప్పుడో కదా ఎక్కువగా పాసివ్ వాడేది. 'మై ఫోన్ వాజ్ స్టోలెన్ బై సమ్‌వన్' అనడం 'ఫోన్‌ని దొంగ దొంగిలించాడు' అన్నట్టుంటుంది. కొన్ని వెర్బులకి బై బదులు వేరేవి వస్తాయి: నోన్ టు, కంటెయిన్డ్ ఇన్, ఫిల్డ్ విత్. వీటిని చూసి నేర్చుకోవడమే, సూత్రం లేదు.

అపోహ: పాసివ్‌ని తెలుగులోకి తెస్తే '-బడింది' అని రావాలి

'తలుపు తీయబడింది', 'నోటీసు ఇవ్వబడింది'. కర్మణి ప్రయోగం, అంటే తెలుగు పాసివ్, మన వ్యాకరణంలో ఉంది, కాదనను. కానీ నోటితో ఎవరంటారు? మనం 'తలుపు తీశారు', 'నోటీసు ఇచ్చారు' అంటాం. ఎవరు తీశారు, ఎవరిచ్చారు? ఎవరో. కర్త లేకుండా బహువచన క్రియ ఒక్కటి పడేస్తే సరిపోతుంది. 'ఫోన్ కొట్టేశారు' అన్నదే 'మై ఫోన్ వాజ్ స్టోలెన్'కి అచ్చమైన తెలుగు. దీన్ని తిరగేసి కూడా వాడుకోవచ్చు: తెలుగులో 'ఎవరు?' అని అడిగితే జవాబు దొరకని '-శారు' మీ నోటికి వచ్చిందా, ఇంగ్లీషులో అక్కడ పాసివ్ పెట్టండి. 'దే స్టోల్ మై ఫోన్' అంటే అవతలివాడు 'హూ?' అని అడుగుతాడు.

అపోహ: పాసివ్ రాస్తే చెడ్డ ఇంగ్లీషు

ఇది కంప్యూటర్లలో గ్రామర్ చెకర్లు వచ్చాక ముదిరింది. వాక్యం కింద గీత పడగానే కంగారు. వీలైతే యాక్టివే వాడమని 1946లో ఇంగ్లీషు రచయిత జార్జ్ ఆర్వెల్ ఒక వ్యాసంలో నియమం పెట్టాడు, నిజమే. ఆ వ్యాసం మొదటి వాక్యంలోనే 'ఇట్ ఈజ్ జనరల్లీ అజ్యూమ్డ్' అని ఆయనే పాసివ్ రాశాడు. తప్పించుకోవడానికి పాసివ్ వాడతారనేది ఇంకో ఫిర్యాదు. 1987లో అమెరికా అధ్యక్షుడు రీగన్ 'మిస్టేక్స్ వర్ మేడ్' అన్నది అందరూ చూపించే ఉదాహరణ. ఆ తప్పించుకోవడం పాసివ్ సొత్తేం కాదు. 'పొరపాటు జరిగింది' అన్నదాంట్లో పాసివ్ ఎక్కడుంది? చేసినవాడు మాత్రం మాయం.

అపోహ: వాయిస్ మారినా అర్థం మారదు

ఎక్కువసార్లు మారదు, కొన్నిసార్లు మారుతుంది. 1957లోనే భాషాశాస్త్రవేత్త నోమ్ చామ్‌స్కీ ఈ సంగతి ఎత్తిచూపాడు. గదిలో ప్రతి ఒక్కరికీ కనీసం రెండు భాషలు తెలుసు అన్న వాక్యం ఇంగ్లీషు యాక్టివ్‌లో ఉంటే, ఒకరికి ఏ రెండో ఇంకొకరికి వేరే రెండో కావచ్చు. పాసివ్ చేసి 'ఎట్ లీస్ట్ టూ లాంగ్వేజెస్ ఆర్ నోన్' అని మొదలుపెడితే, అందరికీ అవే రెండు భాషలు తెలుసన్నట్టు వినిపిస్తుంది. పరీక్షలో ఇది రాదు, వదిలేయండి. అనువాదాలు చేసేవాళ్లు మాత్రం వదలకండి.

ఇక 'లెట్ ద డోర్ బీ ఓపెన్డ్'. ఆర్డర్ వాక్యాలకి ఇలా లెట్ పెట్టడం పరీక్ష కోసం నేర్చుకోండి, హాలు దాటాక మర్చిపోండి. మొన్న ఫోటో పంపినామెకి ఇదే చెబితే, "అయితే బయట ఏమనాలి సార్?" అంది. 'ఓపెన్ ద డోర్, ప్లీజ్' అన్నాను. "అది యాక్టివ్ కదా?" అంది. అవును, యాక్టివే.