చెమట పట్టని పరుగు

ముక్కుతాడుతో, పగ్గాలతో దాపటెద్దునూ వలపటెద్దునూ అదుపులో పెట్టుకునే మన బండివాడు అలాస్కా మంచుబండిని చూస్తే ముందుగా అడిగే ప్రశ్న ఒకటే: పగ్గాలేవి? అవి ఉండవు. నడిమి తాడుకు జంటలు జంటలుగా కట్టిన పది పన్నెండు కుక్కలను, వెనుక జారుడుబద్దలపై నిలబడిన తోలరి, అంటే అక్కడివారి మాటలో మషర్, గొంతుతోనే నడిపిస్తాడు. ‘జీ’ అంటే కుడికి, ‘హా’ అంటే ఎడమకు. ఆ మాట అందుకుని దారి మళ్లించేది అన్నిటికన్నా ముందున్న కుక్క. మలుపులో బండి బరువును కాచుకునేది చివరి జత, కనుక బలమైనవాటిని అక్కడ కడతారు.

ఈ కుక్కబండ్ల పందేల్లో పేరుమోసినది ఇడిటరోడ్. జో రెడింగ్టన్ అనే మషర్ పట్టుదల వల్ల 1973లో అలాస్కాలోని ఆంకరేజ్ నుంచి నోమ్ పట్టణం వరకు, దాదాపు 1,600 కిలోమీటర్ల మేర తొలిసారి జరిగిన ఈ పోటీలో విజేత డిక్ విల్మార్త్‌కు 20 రోజులు పట్టింది. ఇప్పుడు తొమ్మిది పది రోజుల్లో ముగించేవారున్నారు. 1978లో రెండు వారాల పరుగు ఫలితాన్ని ఒక్క సెకను తేల్చింది.

పందెంలో ఎక్కువగా కనిపించే అలాస్కన్ హస్కీలు మనం బొమ్మల్లో చూసే బొచ్చుకుక్కల్లా ఉండవు. అందం కోసం కాక పరుగు కోసం తరతరాలుగా ఎంచి పెంచిన ఈ సంకరజాతి కుక్కలు సన్నగా, సుమారు 20–25 కిలోల బరువుంటాయి. అయినా పందెం రోజుల్లో ఒక్కొక్కటి రోజుకు పదివేల కెలోరీలకు పైగా ఖర్చు చేస్తుంది. దానికి మూడింతల బరువున్న మనిషికి మామూలు రోజున రెండు మూడు వేలు చాలు. మషర్ మజిలీ చేరగానే తన ఆకలి మరచి, మంచు కరిగించి, కొవ్వు దండిగా ఉన్న మాంసాన్ని అందులో నానబెట్టేది ఇందుకే. అసలు విశేషం కండరాల్లో ఉంది. తొలి రోజు పరుగుకు బాగా తరిగిపోయే గ్లైకోజెన్ నిల్వ, అంటే కండరాలు ఇంధనంగా దాచుకునే చక్కెర, తర్వాతి రోజుల్లో అంతే దూరం పరుగెత్తుతున్నా మళ్లీ పుంజుకుంటుందని ఈ కుక్కలపై జరిగిన పరిశోధనల్లో తేలింది. మారథాన్ పరుగరికి ఈ వరం లేదు.

వీటిని ఇబ్బంది పెట్టేది చలికన్నా వేడి. కుక్క ఒంటికి మనలా చెమట పట్టదు. కండరాల్లో పుట్టిన వేడిని ప్రధానంగా రొప్పుతూనే వదిలించుకోవాలి. అందుకే ఎండ కాసే మధ్యాహ్నం పడుకోబెట్టి, రాత్రిపూట తోలడానికి చాలామంది మొగ్గుచూపుతారు. పాదాల సంగతి వేరు: వేళ్ల సందుల్లో మంచు గడ్డకట్టి చర్మం ఒరుసుకుపోకుండా గుడ్డబూట్లు తొడుగుతారు. పద్నాలుగు కుక్కలకు యాభై ఆరు బూట్లు. గడ్డకట్టే చలిలో, చేతితొడుగులు తీసేసి, ఒక్కొక్కటీ బిగించాలి.

ఒక 24 గంటల విరామం, రెండు 8 గంటల విరామాలు తప్పనిసరి. మజిలీల్లో పశువైద్యులు పరీక్షిస్తారు. అయినా 2024 పందెంలో మూడు కుక్కలు చనిపోయాయి కనుక, జంతుహక్కుల వారి అభ్యంతరాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం.

ఇప్పుడు మంచుకే కరవొస్తోంది. దారిలో చాలినంత మంచు లేక 2003, 2015, 2017, 2025లలో పందేన్ని ఉత్తరాన ఫెయిర్‌బ్యాంక్స్ నుంచి మొదలుపెట్టారు. 2016లో ఆంకరేజ్ వీధుల్లో ప్రారంభ వేడుక కోసం ఫెయిర్‌బ్యాంక్స్ నుంచే రైలు వ్యాగన్లలో మంచు తెప్పించి, తారురోడ్డుపై పరిచారు.