జిల్లా మారిస్తే మండలం ఏమవ్వాలి?

చిన్నీ, బుజ్జీ,

మీరు యాక్సెస్‌లో, అదే మైక్రోసాఫ్ట్ డేటాబేస్ ప్రోగ్రాంలో, చేసిన మీ కాలేజీ రక్తదాతల రిజిస్టర్ ఫైలు అందింది, తెరిచి చూశాను. ఫారం ముచ్చటగా ఉంది గానీ మీరు రాసిన ఇబ్బంది నిజమే. జిల్లా పెట్టెలో కర్నూలు ఎంచుకున్నా సరే, పక్కనే మండలం పెట్టె నొక్కితే ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న ఆరు వందలకు పైగా మండలాలూ దిగిపోతున్నాయి. అందులో ఎమ్మిగనూరు వెతుక్కునేసరికి రక్తం ఇవ్వడానికి వచ్చినవాడు లేచి వెళ్లిపోతాడు!

లిస్టు సంగతి తర్వాత చూద్దాం, ముందు టేబుళ్లు. మీరు దాత పేరు పక్కన జిల్లా పేరు, మండలం పేరు రెండూ అక్షరాల్లో దాచారు. గూడూరునే తీసుకోండి. కృష్ణా జిల్లాలో ఒక గూడూరు మండలం ఉంది, కర్నూలు జిల్లాలో ఒకటి ఉంది, నెల్లూరు పక్కన ఇంకొకటి ఉంది, తెలంగాణ కూడా కలుపుకుంటే మహబూబాబాద్ జిల్లాలో మరొకటి. అందుకే ప్రతి మండలానికీ ఒక నంబరు ఇవ్వండి, మండలాల టేబుల్లో ఆ మండలం ఏ జిల్లాదో చెప్పే జిల్లా నంబరు పెట్టండి, దాత దగ్గర మాత్రం మండలం నంబరు ఒక్కటే దాచండి. జిల్లా అక్కడ అక్కర్లేదు. మండలం తెలిస్తే జిల్లా తెలిసినట్టే కదా.

ఇదేదో తాతయ్య చాదస్తం అనుకోకండి. 2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 26 అయ్యాయి, కృష్ణా జిల్లాలో ఉన్న నందిగామ ఆ రోజు నుంచి ఎన్టీఆర్ జిల్లా. తెలంగాణలో అయితే 2016లో 10 కాస్తా 31 అయ్యాయి, 2019లో 33. జిల్లా పేరు ప్రతి దాత దగ్గరా రాసుకున్నవాళ్లు ఆ వరసలన్నీ దిద్దుకోవాలి, మండలాల టేబుల్లో ఉంచినవాళ్లు నందిగామ దగ్గర ఒక్క నంబరు మార్చి ఊరుకోవచ్చు.

అంటే ఫారం మీద జిల్లా పెట్టె ఉత్త జల్లెడ. టేబుల్లోని ఏ ఫీల్డుకీ (కాలమ్‌కీ) కట్టకుండా వదిలేయండి, దాని పని మండలాలను వడకట్టడమే. మండలం పెట్టెకు లిస్టు ఎక్కడి నుంచి రావాలో చెప్పే రో సోర్స్ తెరిచి, అందులోని క్వెరీలో (టేబుల్ నుంచి కావాల్సిన వరసలు తెచ్చే ప్రశ్నలో) జిల్లా నంబరు కాలమ్ కింద, ఫారం మీదున్న జిల్లా పెట్టెలో ఉన్న విలువకు సమానం అని షరతు పెట్టండి. ఇంతవరకూ చేసి పని అయిపోయిందనుకుంటారు చాలామంది. అవ్వదు. యాక్సెస్ ఆ లిస్టును ఒకసారి తెచ్చుకుని పెట్టుకుంటుంది, జిల్లా మార్చినా పాతదే చూపిస్తుంది, అందుకే జిల్లా పెట్టె ఆఫ్టర్ అప్‌డేట్ ఈవెంట్‌లో, అంటే మనిషి అందులో విలువ మార్చగానే నడిచే కోడ్‌లో, మండలం పెట్టెకు రీక్వెరీ (లిస్టు మళ్లీ తెచ్చుకో) అని చెప్పాలి. చెప్పే ముందు మండలం పెట్టెను ఖాళీ చేయాలి, ఇది అస్సలు మర్చిపోకండి. ఎమ్మిగనూరు ఎంచుకున్నాక జిల్లాను కృష్ణాగా మార్చారనుకోండి, కొత్త లిస్టులో ఎమ్మిగనూరు లేదు, నంబరు కాలమ్‌ను మీరు ఎలాగూ దాచేస్తారు కాబట్టి పెట్టె ఖాళీగా కనిపిస్తుంది, కానీ లోపల ఎమ్మిగనూరు నంబరు అలాగే కూర్చుని ఉంటుంది. కంటికి ఖాళీ, టేబుల్లో నిండుగా. సేవ్ కొడితే అదే వెళ్తుంది.

ఇంకోటి, ఒక దాత నుంచి ఇంకో దాతకు వెళ్లినప్పుడు జిల్లా పెట్టె తనంతట తాను మారదు. కొత్త దాత తెరమీదికి వచ్చినప్పుడల్లా నడిచే ఫారం కరెంట్ ఈవెంట్‌లో ఆ దాత మండలం చూసి దాని జిల్లాను జిల్లా పెట్టెలో నింపి, ఆ తర్వాత రీక్వెరీ చేయండి. కోడ్ ద్వారా నింపితే ఆఫ్టర్ అప్‌డేట్ నడవదు, కాబట్టి ఇక్కడ రీక్వెరీ మళ్లీ రాయాల్సిందే.

బుజ్జి అందరినీ ఒకే తెరమీద వరసగా చూపించాలంటున్నాడు. అలా చూపించే కంటిన్యువస్ ఫారంలో ఈ పని పెట్టుకోవద్దు. అక్కడ వరసకో పెట్టె ఉన్నట్టు కనిపిస్తుంది గానీ నిజానికి ఉన్నది ఒక్కటే, దాన్నే ప్రతి వరసలోనూ గీస్తుంది యాక్సెస్. మీరున్న వరసకు కర్నూలు మండలాలు తెచ్చారంటే మిగతా జిల్లాలవాళ్ల మండలాలన్నీ మాయమైనట్టు కనిపిస్తాయి. డేటా ఎక్కడికీ పోదు, చూసినవాడికి మాత్రం టెన్షన్. పైన టెక్స్ట్ బాక్స్ అతికించి దీన్ని దాటే చిట్కాలున్నాయి, నాకు మాత్రం నచ్చవు. ఎంట్రీకి ఒక్కొక్క దాతను చూపే ఫారం, చూడ్డానికి విడిగా ఒక లిస్టు, ఇదే హాయి.

మీ స్నేహితుడు ఎక్సెల్ చాలంటున్నాడట. ఒక్కో జిల్లా మండలాల గళ్లకు ఆ జిల్లా పేరే రేంజ్ పేరుగా పెట్టి, గడిలో ఏం రాయొచ్చో కట్టడి చేసే డేటా వ్యాలిడేషన్‌లో, ఆ పేరుతో గళ్లను వెతికే ఇన్‌డైరెక్ట్ ఫంక్షన్ పెడితే అక్కడా వస్తుంది, కాకపోతే రేంజ్ పేర్లలో ఖాళీ ఉండకూడదు, అల్లూరి సీతారామరాజు జిల్లా దగ్గర మాటల మధ్య అండర్‌స్కోర్ పెట్టి, ఫార్ములాలో ఖాళీని అండర్‌స్కోర్‌గా మార్చే సబ్‌స్టిట్యూట్ వాడాలి. జిల్లా మార్చితే పాత మండలం అక్కడే ఉండిపోతుంది, ఎక్సెల్ నోరెత్తదు. తర్వాత సర్కిల్ ఇన్‌వాలిడ్ డేటా నొక్కి తప్పుల చుట్టూ ఎర్ర సున్నాలు చుట్టించుకోవడమే.

జిల్లా ఎంచుకోకముందు మండలం పెట్టెను మూసేయాలా అని చిన్ని అడిగింది. మూయొద్దు. ఊళ్లో చాలామందికి తమ మండలం ఠక్కున గుర్తొస్తుంది, జిల్లా దగ్గరే తడబడతారు, ముఖ్యంగా పెద్దవాళ్లు ఇప్పటికీ పాత జిల్లా పేరే చెప్తారు. అందుకని క్వెరీ షరతులో 'లేదా జిల్లా పెట్టె ఖాళీగా ఉంటే' అని కూడా చేర్చండి, అప్పుడు మండలాలన్నీ వస్తాయి, పక్క కాలమ్‌లో జిల్లా పేరు కనిపించేలా పెట్టండి. ఇన్ని గూడూర్లలో తనది ఏదో మనిషే చూసుకుంటాడు. మండలం ఎంచుకోగానే జిల్లా పెట్టెను మీరే నింపి, లిస్టును రీక్వెరీ చేయండి.

ఇవన్నీ చేశాక ఒక పరీక్ష పెట్టండి. పాత దాత ఒకరిని తెరిచి జిల్లా మార్చి, సేవ్ చేయకుండా ఎస్కేప్ నొక్కండి. మండలం పాతదానికి తిరిగి వెళ్తుంది, జిల్లా పెట్టె దేనికీ కట్టలేదు కదా, అది కొత్తదాని దగ్గరే ఆగిపోతుంది. దీన్ని ఏ ఈవెంట్‌లో పట్టుకోవాలో నేను చెప్పను, మీరే కనిపెట్టి ఆదివారంలోపు ఫైలు పంపండి.

మీ తాతయ్య