వెనక చక్రాల చూపు ఎటు?

సొంతంగా కారు కట్టుకునేవాళ్ళు ముందు చక్రాల అలైన్‌మెంట్ (అవి ఎటు చూస్తున్నాయో సరిచేయడం) గురించి తెగ టెన్షన్ పడతారు. వెనక చక్రాల దగ్గరికి వచ్చేసరికి బోల్టులు బిగించాం కదా, చాల్లే అనుకుంటారు. నన్నడిగితే ఇది తలకిందుల వరస. ముందు చక్రాల్లో కాస్త తేడా ఉంటే డ్రైవర్ చెయ్యి తనకు తెలియకుండానే సర్దేస్తుంది. వెనక సర్దడానికి స్టీరింగ్ లేదు. కారు ఏ దిక్కుకు పోవాలో తేల్చేది వెనక చక్రాలే.

రెండు వెనక చక్రాలూ కుడివైపుకు 0.3 డిగ్రీలు చూస్తున్నాయనుకుందాం. తిన్నని రోడ్డు మీద ఆ కారు ముక్కు కాస్త ఎడమకు తిరిగి, పక్కవాటుగా నడుస్తుంది. ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2.3 మీటర్లయితే ముందు భాగం 12 మిల్లీమీటర్లు పక్కకు జరిగినట్టు. కంటికి ఆనదు గానీ, తిన్నగా పోతున్నప్పుడు కూడా స్టీరింగ్ వంకరగానే ఉంటుంది.

1957లో బ్రిటన్‌లో వచ్చిన లోటస్ సెవెన్ అనే కారును విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే కొనుగోలు పన్ను తప్పేది. అందులో వెనక ఉన్నది అడ్డంగా ఒకే ఇరుసు. అలాంటి ఇరుసు ఉంటే పని తేలిక: దాన్ని పట్టుకున్న ఆర్మ్‌ల పొడవులు సరిచేసి, ఇరుసును ఛాసిస్ మధ్యరేఖకు లంబకోణంలో నిలబెడితే చాలు. దేని సస్పెన్షన్ దానికి ఉన్న చక్రాలతోనే అసలు తంటా. పైఅంచులు ఎంత వాలాయో చూసేది క్యాంబర్, ముందు అంచులు ఎటు తిరిగాయో చూసేది టో. పాదాలు లోపలికి తిప్పి నడిచే మనిషిలా ఉంటే అది టో-ఇన్.

ఈ కొలతలు ఎంత సున్నితమో ఒక్క రాడ్ ఎండ్ (తిప్పితే ఆర్మ్ పొడవు మారే, దాని కొసన ఉన్న మర కీలు) దగ్గర చూస్తే తెలుస్తుంది. మర పిచ్, అంటే ఒక చుట్టుకు జరిగే దూరం, 1.5 మిల్లీమీటర్లు, చక్రాన్ని పట్టుకున్న రెండు బిందువుల మధ్య దూరం 250 మిల్లీమీటర్లు అనుకోండి. రాడ్ ఎండ్‌ను ఒక పూర్తి చుట్టు తిప్పితే చక్రం సుమారు 0.34 డిగ్రీలు తిరుగుతుంది. 600 మిల్లీమీటర్ల టైరు ముందు, వెనక అంచుల మధ్య అది మూడున్నర మిల్లీమీటర్ల తేడా. సర్దాల్సింది సాధారణంగా ఒకటి రెండు మిల్లీమీటర్లే కాబట్టి స్పానర్ కదలాల్సింది పావు చుట్టో, అర చుట్టో. అంతకు మించి తిప్పాల్సి వస్తే ముందు మీ కొలతనే అనుమానించండి.

కొలవడానికి లేజర్ అక్కర్లేదు. కారుకు రెండు పక్కలా చక్రం మధ్య ఎత్తులో దారాలు కట్టి, దారం నుంచి రిమ్ ముందు అంచుకు, వెనక అంచుకు దూరం చూస్తే సరి. మెలిక ఒక్కటే: దారాలు సమాంతరంగా ఉండాల్సింది కారు మధ్యరేఖకు. ముందు రెండు చక్రాల మధ్య ఎడం, వెనక రెండు చక్రాల మధ్య ఎడం చాలా కార్లలో ఒకటి కావు కాబట్టి టైర్లకు ఆనించి దారం కడితే మోసపోతాం. సస్పెన్షన్ బిగించే బిందువుల నుంచి గుండు కట్టిన దారం వేలాడదీసి, నేల మీద గుర్తులు పెట్టి, మధ్యరేఖను అక్కడ గీసుకోవాలి. ఇంట్లో వెల్డింగ్ చేసిన ఛాసిస్‌కు ఇది తప్పనిసరి. బాడీ అంచులను నమ్మకూడదు. రిమ్‌కే వంపు ఉండొచ్చు కాబట్టి చక్రాన్ని అర చుట్టు తిప్పి మళ్ళీ కొలిచి సగటు తీసుకోవాలి.

జాకీ దించిన వెంటనే కొలిస్తే అంకెలు అబద్ధాలు చెబుతాయి. టైర్లు నేలను పట్టుకుని సస్పెన్షన్‌ను కుదురుకోనివ్వవు. కారును ముందుకూ వెనక్కూ కొంచెం దొర్లించాలి, లేదా ఒక్కో టైరు కింద మధ్యలో గ్రీజు రాసిన రెండు రేకులు పెట్టాలి. టైర్లలో గాలి, సీట్లో డ్రైవరంత బరువు, కారు ఎత్తు ముందే సరిచూసుకోవాలి. తర్వాత క్యాంబర్, ఆఖరున టో. క్యాంబర్ మార్చితే టో కూడా మారుతుంది గనుక వరస తప్పితే చేసిన పని మళ్ళీ చేయాలి.

వెనక కాస్త టో-ఇన్ ఎందుకు? మలుపులో బరువంతా బయటి చక్రం మీదకు వస్తుంది. అది లోపలికి చూస్తుంటే తోక కుదురుగా ఉంటుంది. బయటికి చూస్తుంటే తోక విసిరేస్తుంది, కారు గిర్రున తిరిగిపోవచ్చు. పైగా బ్రేకు వేసినప్పుడు నేల చక్రాన్ని వెనక్కి లాగుతుంది. ఆర్మ్‌ల కీళ్ళలోని రబ్బరు బుష్‌లు లొంగితే టో-ఇన్ కాస్తా కరిగిపోవచ్చు. అలాగని ఎక్కువ పెట్టినా నష్టమే. ఒక చక్రం 0.1 డిగ్రీ తిరిగి ఉన్నా, కిలోమీటరుకు దాదాపు 1.75 మీటర్లు పక్కకు ఈడ్చుకుపోయినట్టే.

ఇంకో పరీక్ష స్ప్రింగులు బిగించకముందే చేయాలి. చక్రాన్ని చేత్తో పైకీ కిందికీ కదుపుతూ టో కొలవాలి. చక్రం చూపును నిలిపే టో ఆర్మ్ పొడవు, ఎత్తు, చక్రాన్ని ఛాసిస్‌కు కలిపే విష్‌బోన్‌లతో పొసగకపోతే ప్రతి గతుకులోనూ చక్రం దానంతటదే తిరుగుతుంది. దాన్ని రాడ్ ఎండ్ తిప్పి సరిచేయలేం. బ్రాకెట్ చోటు మార్చాల్సిందే.

అన్నీ కుదిరాక రాడ్ ఎండ్‌ను కదలకుండా పట్టే లాక్‌నట్ బిగించి మరోసారి కొలవండి. బిగింపులోనే రాడ్ తిరిగిపోవడం మామూలే. నట్టు మీద పెయింటు గీత పెట్టుకుంటే తర్వాత కదిలిందో లేదో తెలుస్తుంది. ముందు చక్రాల పని ఆ గీత ఆరాక.