పొట్లం చివరి వీధికి ఎందుకు చేరదు

2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు పొంగి విజయవాడ మీద పడ్డప్పుడు అన్నానికి కొదవ లేదు. చుట్టుపక్కల ఊళ్లవాళ్లు వండి బండ్లకెత్తారు. బండ్లేమో నీళ్లు మొదలైన చోటే ఆగిపోయాయి. సింగ్‌నగర్ ఫ్లైఓవర్ దగ్గర పొట్లాలు పోగుపడుతుంటే లోపలి వీధుల్లో జనం డాబాలెక్కి ఎదురుచూశారు. చివరికి డ్రోన్లతోనూ అందించాల్సి వచ్చింది.

1977లో ఇబ్బంది వేరు. నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచింది. 10,000 మందికి పైగా పోయారు. సాయానికి వచ్చినవాళ్లకు ముందు పడ్డ పని శవాలు తీయడం, కళేబరాలు పూడ్చడం. ఆ తర్వాత తీరం వెంట తుపాను షెల్టర్లు కట్టారు, ముందే ఊళ్లు ఖాళీ చేయించడం మొదలైంది. 1990 మే తుపానులో మృతులు వెయ్యిలోపే. ప్రాణాలు దక్కేకొద్దీ రోజుల తరబడి తిండీ నీళ్లూ చూడాల్సినవాళ్లు పెరిగారు. సాయం వంటశాల పనిగా మారింది అప్పటినుంచే.

వంట తెలిసినవాళ్లకు కొదవ లేదు కానీ పొట్లం కట్టడం వేరే విద్య. 25 కిలోల బియ్యానికి 350 గ్రాముల పొట్లాలు సుమారు 190 వస్తాయి. పులిహోరైతే చింతపండు, నూనె వల్ల సాయంత్రం దాకా ఆగుతుంది. పెరుగన్నం పడవ కదిలేలోగా పులుస్తుంది. పులిహోరనైనా శుభ్రమైన గుడ్డ మీద పరిచి ఆరబెట్టాలి. వేడిగా కడితే కవరు లోపల ఆవిరి నీరై, మెతుకు జిగురొచ్చి పాడవుతుంది. వండిన వేళ కవరు మీద రాయాలి. ఇది ఎవరూ చేయరు.

అన్నం కన్నా నీళ్లే బరువు. మనిషికి రోజుకు 3 లీటర్ల లెక్కన నలుగురుండే 100 ఇళ్లకు 1,200 కిలోలు. చిన్న పడవ ఎన్నిసార్లు తిరగాలి? అందుకే వీధికొకరు, అదీ ఆ వీధివాళ్లే, ఇళ్ల లెక్క పట్టుకుని పడవెక్కాలి. పంపకం చివరి ఇంటి నుంచి మొదలుపెట్టి వెనక్కి రావాలి. మొదటి సందులోనే ఇవ్వడం మొదలుపెడితే అక్కడే ఖాళీ అవుతుంది. పసిపిల్లల పాలు, షుగర్ మాత్రలు, శానిటరీ ప్యాడ్ల చీటీ కూడా అదే మనిషి తేవాలి.

నీళ్లు తీశాక బండ్లు రావడం తగ్గుతుంది, బురద మిగులుతుంది. సంపు తోడి కడిగి, మంచినీళ్లు నింపాక 1,000 లీటర్లకు రెండున్నర గ్రాముల బ్లీచింగ్ పొడి చాలు. పొడిని నేరుగా చల్లకూడదు. బకెట్‌లో కలిపి, సున్నం అడుక్కి దిగాక పైతేట పోసి, గంట ఆగాలి. మూతి విప్పి రోజులైన బస్తాలో మాత్రం ఘాటు సగం పోయి ఉంటుంది.